నూనె గుంజ

సత్తెమ్మ హోటలుకు సున్నమేసింది నేనే. ఖాజాగూడ నుంచి గోపన్‌పల్లి దాక ఏ వాకిట్ల నిలబడ్డా ఇదే మాట: "ఏం వీరేశం, హోటలును ముంచబోయినోనివి నువ్వే గదా?" సరే, ముంచబోయిన. మరి అది తేలింది ఎట్లనో ఒక్కడన్నా అడగడు. సున్నాలేసేటోడంటె అందరికి లోకువ. అందుకే మొదటికెల్లి చెప్తున్న. నడిమిట్ల అడ్డం రావొద్దు, నాకసలే గుస్స జల్ది వస్తది.

సత్తెమ్మది గోపన్‌పల్లి. పదమూడో ఏట మొగిలన్నకు చేసి ఇటు పంపిన్రు. నాకు వదినె వరుస. లింగంపల్లికి పోయే తొవ్వల, రాళ్లగుట్ట పక్కకు మొగిలన్నోళ్ల హోటలు. నిజాం కాలంల వాళ్ల నాయన కట్టిండు. హోటలంటె పట్నంల హోటలనుకునేరు. ముందట ఎనిమిది టేకు పలకలు. పొద్దుగాల ఒక్కొక్కటి ఊడదీసి పక్కకు పెడితె హోటలు తెరిచినట్టు, మాపటికి మళ్ల ఇరికిస్తె మూసినట్టు. లోపట రెండు షాబాదు బండల బెంచీలు, ఒక పొయ్యి, ఒక కడాయి, మచ్చలు పడ్డ నిలువుటద్దం. ఆ అద్దంల చూసుకుంటె ఎంత ఎర్రగున్నోడైనా జరమొచ్చి లేచినోని లెక్క కనబడుతడు. గోడలు నలుపు. పుట్టినప్పటి సంది సున్నం మొకం చూడని నలుపు.

ఇగ ద్వారం పక్కనే గుంజ. కప్పు దూలం మొత్తం దాని నెత్తి మీదనే ఆగి ఉంటది. ఆ గుంజ సంగతే ఇదంత. ఆ హోటలుల మిర్చీలు తిన్నోడెవడూ చేతులు కడుక్కోడు. ఎండకాలం చెరువు కాడికెల్లి నీళ్లు మోసుకరావాలె, చేతులకు ఎవరు పోస్తరు? తిన్నోడు లేచి, పోతపోత నూనె చెయ్యి గుంజకు రుద్ది పోతడు. మొదలు రుద్దింది ఎవడో తెల్వది. మా నాయన రుద్దిండు, నేను రుద్దిన. లారీలోడు, బస్సు డ్రైవరు, పోలీసాయన, పెండ్లిచూపులకు పోయేటోడు, అందరిదీ అదే దారి. నలభై ఏండ్లు నూనె తాగి తాగి ఆ గుంజ నిగనిగ మెరుస్తది. చెదలు పట్టలే, పురుగు ముట్టలే.

ఇసొంటి హోటలుకు కోడలై వచ్చింది ఎవరు? లోకంల అందరికంటె ఎక్కువ సుబ్బరం పిచ్చి ఉన్న ఆడిమనిషి. సత్తెమ్మ చెంబును మూడుసార్లు తోముతది, తోమిన పీచును మళ్ల కడుగుతది. ఆమె వాకిలి ఊడిస్తె కోడికి ఏరుకుతినతందుకు గింజ దొరకదు. గసొంటి మనిషి పొద్దున లేస్తె చూసేది ఆ జిడ్డు గుంజను. వచ్చిన ఏడాదే దాని పక్కన తువ్వాల కట్టింది. జనం చెయ్యి గుంజకు రుద్ది, మూతి తువ్వాలకు తుడుచుకున్నరు. గోలెం నిండ నీళ్లు పెట్టింది. తాగిపోయిన్రు. "చేతులు కడుక్కోండ్రయ్యా, మీకు దండం పెడ్త" అని ఒర్రింది. "కడుక్కుంటె మిర్చి తిన్నట్టే ఉండదు గద వదినె" అన్న నేను. గంటెతోటి కొట్టింది.

ఆమెకు దీని మీద ఇంకొక పీడ ఉన్నది, అత్త నీలమ్మ. డెబ్బై దాటినై, కండ్లు మసక, నోరు మాత్రం కొత్తగ సాన పట్టిన కొడవలి. "నేను బతికున్నన్ని దినాలు ఈ హోటలు మీద సున్నం చుక్క పడొద్దు. గుంజను ముట్టినోళ్ల చెయ్యి ఇరగ్గొడ్త" అని కోడలు గడపల కాలు పెట్టిన వారానికే చెప్పింది. ఇగ ముప్పై ఏండ్ల లొల్లి. దసరా వస్తె చాలు, సత్తెమ్మ "అత్తా, ఒక్క చెయ్యి సున్నం" అంటది, నీలమ్మ "నా సావు చూస్తవు" అంటది. మొగిలన్న నడిమిట్ల కూసుండి ఉల్లిగడ్డలు కోస్తడు. ఉల్లిగడ్డ కోసేటోడు ఏడుస్తుంటె ఎందుకని ఎవరు అడగరు గద, ఉషారైన మనిషి.

గట్ల నడుస్తుంటె రోడ్డు మా మీదికి వచ్చింది. యూనివర్సిటీ పడుతున్నదని, తొవ్వ వెడల్పు చేస్తమని కొలిచేటోళ్లు దిగిన్రు. వాళ్ల ఇంజినీరు యజ్ఞనారాయణ, కోస్తా దిక్కాయన. సున్నపు గీత గీయించుకుంట వచ్చిండు. ఆ గీత సక్కగ హోటలు నడుమకెల్లి పోయింది, గుంజ అటు, పొయ్యి ఇటు. సత్తెమ్మ ఆ గీత చూసి కూలబడ్డది. వెనకకు జరుగుదామంటె గుట్ట, పక్కకు జరుగుదామంటె వేరేటోళ్ల పొలం. హోటలు పోతె వాళ్లకు గుంట భూమి లేదు, ఇంకొక పని రాదు.

"నన్నేం చేయమంటారండి?" అన్నడు ఇంజినీరు, మిర్చి నములుకుంటనే. "రోడ్డుకి అవతల సర్కారు జాగా ఖాళీగానే ఉంది. ఇది పాత కట్టడం, ఉంచాలి అని పాతవి చూసే ఆఫీసు నుంచి ఒక్క కాగితం తెచ్చుకోండమ్మా, గీత అటు జరిపేస్తాను. పదిహేను రోజులు ఆగుతాను. ఆ తరవాత నా చేతుల్లో లేదండి." గంత చెప్పి, లేచి, గుంజకు చెయ్యి రుద్ది పోయిండు.

సత్తెమ్మ ఏడుస్తదనుకున్న. ఏడవలే. తెల్లారి ఒక గంప మిర్చీలు కాల్చి, మోదుగాకులు కప్పి, నన్ను తోడు తీసుకొని పట్నం బస్సెక్కింది. ఆ ఆఫీసుల పార్థసారథి అని ఒక ఆఫీసరు. ఆయన గదిల అన్నీ ముక్కులు పోయిన బొమ్మలే. గంప మీద ఆకు తీసినంక గుమాస్తాలందరు కాగితాలు పట్టుకొని ఆ గదిలకే పనులున్నట్టు వచ్చిన్రు. "గుళ్లూ కోటలూ అయితే చూస్తామండి, మిర్చి బజ్జీల కొట్టు చూడమంటారేమిటి?" అన్నడు ఆయన. రెండు తిన్నంక, "సరే, సోమవారం వస్తాను" అన్నడు.

వచ్చిండు. పలకలు ముట్టి చూసిండు, అద్దంల మొకం చూసుకొని భయపడ్డడు, నల్లగోడ మీద వేలు పెట్టి గీసిండు. తిన్నంక "చేతులు కడుక్కోడానికి నీళ్లండి?" అని అడిగిండు. నేను గుంజ చూపెట్టిన. "ఛీఛీ" అన్నడు, కండ్లు మూసుకొని రుద్దిండు. కండ్లు తెరిచి ఆ గుంజను ఎంతసేపు నిమిరిండో! "ఇలాంటిది నేనెక్కడా చూళ్ళేదండి" అన్నడు. "అమ్మా, అంతా ఇలాగే ఉంచండి, ఏదీ కదపకండి. గురువారం ఫోటోలు తీసే మనిషితో వస్తాను. ఫోటోలుంటేనే మా పైవాళ్లు సంతకం పెడతారు." జీపెక్కి పోయిండు.

సత్తెమ్మ ఆ మాటలన్ని విన్నది. చెవులు మంచిగనే ఉన్నయి ఆమెకు. కానీ అండ్ల ఒక్కటే ఆమె గుండెల పడ్డది, ఫోటో. పైగ అదృష్టమో, మా కర్మమో, నీలమ్మ ఇంట్ల లేదు. మనుమరాలి పురుడని తెల్లాపూర్‌ల బిడ్డ కాడికి పోయింది, గురువారమే వచ్చేది.

"వీరేశం, నువ్వు నీ పెండ్లిల ఫోటో దిగినవు గదా. మాసిన ధోతి మీద దిగినవా?" అని అడిగింది.

"లేదు వదినె. కిరాయి కోటు తొడిగిన్రు."

"మరి? ఈ హోటలు ఫోటో పట్నం పోతది, పెద్దపెద్దోళ్లు చూస్తరు. ఈ మసి, ఈ జిడ్డు చూస్తె ఉంచుమని ఎవడంటడు? ముందుగాల కూలగొట్టుండ్రి అంటరు."

"సారు ఇట్లనే ఉంచమన్నడు గద?"

"సుట్టాలు గట్లనే అంటరు. మా కోసమని ఏం చెయ్యకుండ్రి, ఉన్నదే పెట్టుండ్రి అంటరు. అట్లని సుట్టానికి పచ్చిపులుసు పోసి పంపుతమా?"

చెప్పుండ్రి, ఇండ్ల తప్పేమున్నది? మీరైతె ఏమంటుండె? నేను పోయి సున్నం నానబెట్టిన. మొగిలన్న దిక్కు చూస్తె, ఆయన ఉల్లిగడ్డలు ముందటేసుకున్నడు.

సోమారం మాపటికి షురూ చేసినం. మసి గీకితె గోడకెల్లి చెక్కలు చెక్కలు రాలింది. మూడు చేతులు సున్నం, అండ్ల నీలిమందు. ఇంకా నలుపు కారుతుంటె నాలుగో చెయ్యి వేసిన. పలకలకు చిలకపచ్చ రంగు. మచ్చల అద్దం తీసి గడ్డివాము వెనక దాచినం, దాని జాగల లక్ష్మీదేవి క్యాలెండరు. షాబాదు బండల మీద పూల డిజైను రబ్బరుగుడ్డ. సత్తెమ్మ మొకం చూడాలె మీరు! ముప్పై ఏండ్ల ఆకలి తీరినట్టు, సగం గోడ వేసినంక దూరం పోయి చూసి, దగ్గరికొచ్చి చూసి, నవ్వుకుంటున్నది. నాకు కూడ సంబురమైంది. ఆ పచ్చ మంచిగనే ఉండె, ఇప్పుడు ఎవరేమన్న అనుకొనీ.

అన్ని అయినై, గుంజ దగ్గర వచ్చింది తకరారు.

ముందుగాల బూడిద, చింతపండు పెట్టి తోమింది సత్తెమ్మ. గుంజ ఇంకింత మెరిసింది. గాజుపెంకుతోటి గీకిన. పెంకు జారి నా వేలు తెగింది. ఇగ ఇట్ల కాదని పచ్చరంగు కొట్టిన. పనితనంల నాకు పేరున్నది, లింగంపల్లిల అడుగుండ్రి. కానీ ఆ రంగు గుంజ మీద నిలుస్తలేదు. చామాకు మీద నీళ్లలెక్క చుక్కలు చుక్కలై కిందికి జారుతున్నది. రెండో చెయ్యి కొట్టిన, మూడో చెయ్యి కొట్టిన, డబ్బ అయిపోయింది. బుధవారం మాపటికి ఎట్లనో పచ్చగ కనబడ్డది గానీ ముట్టుకుంటె వేలికి అంటుతున్నది.

"ఆరుతదా?" అన్నది సత్తెమ్మ.

"వీరేశం చెయ్యి పడ్డది, ఆరక ఎటుపోతది?" అన్న. పొరపాటు అయింది. ఒప్పుకుంటున్న. ఆ ఒక్క మాట కోసం ఇన్ని దినాలు తిట్లు తినుడు మాత్రం అన్యాలం.

గురువారం పొద్దుగాల. సత్తెమ్మ పెండ్లినాటి పట్టుచీర కట్టింది. మొగిలన్నకు ఇస్త్రీ అంగీ తొడిగి, పొయ్యి కాడ గంటె పట్టుకొని నిలబడుమన్నది. నేను నెత్తికి నూనె పెట్టుకొని బయట నిలబడ్డ. తొమ్మిదింటికి జీపు వచ్చింది. వచ్చింది, మా ముందటికెల్లి సర్రున గోపన్‌పల్లి దిక్కు పోయింది. "అయ్యో, సారు ఆగలేదేంది?" అన్నది సత్తెమ్మ. జరసేపటికి లింగంపల్లి నుంచి బస్సు వచ్చింది. కిటికీల నీలమ్మ మొకం. మా దిక్కే చూసింది, చూసి మొకం తిప్పుకున్నది. బస్సు కూడ ఆగకుండ ఖాజాగూడ దిక్కు పోయింది. ఇంతల జీపు మళ్ల వచ్చింది, మళ్ల మా ముందటికెల్లే పోయింది.

"వీళ్లంత ఏమైపోతున్నరు?" అన్నది సత్తెమ్మ.

ముప్పై ఏండ్లల మొదటిసారి మొగిలన్న ఒక మాట మాట్లాడిండు. "హోటలు కోసం దేవులాడుతున్నరు" అన్నడు.

తర్వాత తెలిసింది. నీలమ్మ నల్లగుంటె మన హోటలు, దిగాలె అని కూసున్నది. నలుపు రాలే, చెరువు వచ్చింది. దిగి, కండక్టరు ఏడుతరాలను తిట్టుకుంట తిరిగి నడుస్తున్నది. జీపు ఆగి, "ఏవమ్మా, ఇక్కడ పాత మిర్చి హోటలు ఎక్కడండి?" అని పార్థసారథి అడిగిండట. "నేను గూడ గదే దేవులాడుతున్న బిడ్డా, ఎవడో ఎత్కపోయిండు!" అన్నదట ముసల్ది. ఇద్దరు ఒక్క జీపుల వచ్చి మా ముందట దిగిన్రు.

పార్థసారథి చిలకపచ్చ పలకలు చూసిండు, క్యాలెండరు చూసిండు, పట్టుచీరల సత్తెమ్మను చూసిండు. "ఏం చేశారమ్మా!" అన్నడు, ఏడుపు గొంతుతోటి. "ఈ కొత్త కొట్టుకి ఫోటో తీసి పాత కట్టడమని ఎలా రాయనండీ? నా ఉద్యోగం ఊడుతుంది." తలకాయ పట్టుకొని, పక్కనున్న గుంజకు ఆనుకున్నడు.

నేను "సారూ!" అని ఒర్రిన. అయిపోయింది. తెల్ల అంగీ, భుజం కాడికెల్లి నడుము దాక చిలకపచ్చ.

సత్తెమ్మకు ఇగ ఏం సోయి లేదు. లోపటికురికి కిరోసిన్ డబ్బ, గుడ్డ తెచ్చింది. సారు అంగీ తుడిచింది, పచ్చ ఇంకింత పాకింది. అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు, కోపం, రెండు ఒక్కటేసారి. "ఇదే! ఈ ముదనష్టపు గుంజనే! ముప్పై ఏండ్లు నన్ను సతాయించింది, ఇప్పుడు కొంప ముంచింది!" అని అదే గుడ్డతోటి గుంజను ఒక్క గుంజు గుంజింది. రంగు మొత్తం పొరలెక్క ఊడివచ్చింది. కింద గుంజ, ఎట్లున్న గుంజ అట్లనే. నల్లగ, నిగనిగ, మొకం కనబడేటట్టు. మా సున్నం, మా రంగు, మా గాజుపెంకు, దానికి గోరంత కూడ అంటలే.

పార్థసారథి అంగీ మరిచిండు. దగ్గరికి వచ్చి రెండు చేతులతోటి నిమిరిండు. "రంగు ఎందుకు పట్టలేదండి దీనికి? ఇంత నునుపు ఎవరు తేల్చారు? ఏ వడ్రంగి?"

నీలమ్మ తడుముకుంట ముందటికొచ్చింది. ఇగ కోడల్ని కొడ్తదనుకొని నేను అడ్డం పోబోయిన. కొట్టలే. గుంజ మీద చెయ్యి పెట్టి, కండ్లతోటి చదివినట్టు కింది నుంచి మీదికి జరుపుకుంట పోయింది.

"వడ్రంగి లేడు గిడ్రంగి లేడు, మనుషులు. ఈ నడుమెత్తుల నునుపు తేల్చిన చెయ్యి మా ఆయనది, పొట్టోడు. ఇగో ఈ మీద, అందరాని కాడ, ఈ వీరిగాని నాయనది. తాడిచెట్టంత ఉంటుండె. ఇప్పుడు లేడు." ఆమె చెయ్యి ఇంకొకకాడ ఆగింది. "సత్తీ, ఇటు రా. ఇది ఎవరిదో తెలుసా? మీ నాయనది. నిన్ను ఇచ్చినంక మంగళారం మంగళారం గోపన్‌పల్లి నుంచి నడిచి వస్తుండె. బిడ్డను చూడవచ్చిన అంటె వియ్యపురాలు ఏమనుకుంటదో అని, మిర్చీలు తినవచ్చిన అంటుండె. తిని, చెయ్యి ఈడ ఆనిచ్చి, నువ్వు బోళ్లు తోముతుంటె చూసుకుంట నిలబడుతుండె. నువ్వేమో చెయ్యి కడుక్కో నాయనా, చెయ్యి కడుక్కో అని ఒర్రుతుంటివి. పోయి ఇరవై ఏండ్లాయె. వీళ్లందరి మీద సున్నం ఎట్లెయ్యనిస్తనే నేను?"

సత్తెమ్మ చేతిల కిరోసిన్ గుడ్డ పడేసింది. కొంగు మొకానికి పెట్టుకొని ఏడ్చింది, పట్టుచీర అని కూడ చూడలే. మొగిలన్న తిరిగి ఉల్లిగడ్డల దిక్కు పోయిండు. ఆయనకు ఉల్లిగడ్డలున్నయి, నాకేమున్నయి? మా నాయన చెయ్యి అంత మీద ఉన్నదని నాకెవరు చెప్పిన్రు? నేను నిలబడి బాహాటంగనే ఏడ్చిన.

ఫోటో తీసిన్రు. గుంజకు ఐదు, నీలమ్మ చెయ్యి పెట్టింది ఒకటి. గోడలకు ఒక్కటి కూడ తీయలే, నా పని నచ్చలేదట. నచ్చకపోనీ. పదిహేను రోజుల గడువుల పదమూడో నాటికి కాగితం వచ్చింది. యజ్ఞనారాయణ సారు మిర్చీలు తినుకుంటనే మాకు చదివి వినిపించిండు. ఈ గుంజను ఉన్నచోటనే ఉంచాలె. దూలం దీని మీదనే ఉన్నది గన్క కప్పు తీయరాదు. కప్పు ఆగాలె గన్క గోడలు తీయరాదు. గుంజకు సున్నం గానీ రంగు గానీ వేయరాదు. దాని వాడుక ఎప్పటిలాగనే సాగాలె. చదివి, ఆ వాడుక తనే సాగించి, గీత అవతలికి జరిపిండు. అందుకే మీ బస్సు ఆడికి రాంగనే ఒక మెలిక తిరుగుతది.

మూడేండ్లాయె. పొయ్యి అదే, పొగ అదే. నేనేసిన నాలుగు చేతుల సున్నం ఇప్పుడు ఏ దిక్కు చూసినా కనబడదు. అద్దం మళ్ల గోడకెక్కింది. పలకల పచ్చ ఒక్కటే మిగిలింది, దానికి నన్ను తిడుతనే ఉన్నరు. యూనివర్సిటీకి వచ్చే కోస్తా అమ్మలు "చేతులు కడుక్కోడానికి నీళ్లేవండి?" అంటె, సత్తెమ్మ గంటె చూపిస్తది. "నీళ్లు లేవు గీళ్లు లేవు. గుంజకు రుద్దుండ్రి. సర్కారు ఆర్డరున్నది!" అని ఒర్రుతది. ఇల్లు మాత్రం అట్లనే తోముతది, చెంబు మూడుసార్లే.

మొన్న మంగళారం నేను ఆడ్నే ఉన్న. గిరాకీ లేదు. ముప్పై ఏండ్లల, చెయ్యి జిడ్డయితదని హోటలు మిర్చి ఒక్కటి నోట్లె పెట్టని మనిషి, కడాయికెల్లి ఒకటి తీసుకున్నది. షాబాదు బండ మీద కూసుండి మెల్లగ తిన్నది. లేచి గుంజ కాడికొచ్చి, నాయన చెయ్యి ఉన్నకాడ తన నూనె చెయ్యి ఆనిచ్చి, గోపన్‌పల్లి తొవ్వ దిక్కు చూసుకుంట జరసేపు నిలబడ్డది.

"చెయ్యి కడుక్కో వదినె" అన్న నేను.

గంటెతోటి కొట్టింది.